రూఫు గుడ్డ కుట్టిన మాస్టారు

మా ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. రిటైరైన మగవాళ్లు కొందరు గుళ్లు పట్టుకుంటారు, కొందరు పేకముక్కలు పట్టుకుంటారు. ఈయన అంబాసిడర్ కారు పట్టుకున్నారు. ఎవరో డాక్టరుగారి షెడ్డులో ఏళ్ల తరబడి పడివున్న బండిని తోయించుకుని వన్ టౌన్‌లో మా ఇంటి ముందుకు తెచ్చారు. సందులో సగం అదే మింగేసింది. ఆటోవాళ్ల తిట్లు మాత్రం నేనే తినేదాన్ని. ఆయన ఎప్పుడూ కారు కిందే ఉండేవారు.

ఇంజను పని ఆయనకు వచ్చు, కాదనను. రెండు నెలల్లో బండిని నడిచేలా చేశారు. లోపల మాత్రం చూడలేం. తలుపులకు లోపలివైపు ఉండే అట్టలు తేమకు ఉబ్బిపోయాయి. వాటిని పట్టి ఉంచే క్లిప్పులు ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. తలుపు గట్టిగా వేస్తే అట్ట ఊడి ఒళ్లో పడేది. పైకప్పు రేకుకు లోపలివైపు ఉండే రూఫు గుడ్డ జారి, కూర్చున్నవాళ్ల నెత్తి మీద వేలాడేది. బీచ్ రోడ్డులో పాత కార్ల ప్రదర్శన ఉందని, ఆలోగా ఇవన్నీ బిగించేయాలని ఆయన పట్టుదల.

మొదట తనే దిగారు. రబ్బరు గమ్ము డబ్బా తెచ్చి, రేకుకు పూసి, పూసిన వెంటనే గుడ్డ అంటించి, నన్ను కేకేసి "రెండు సేతులూ పైకెట్టి పట్టుకోయే" అన్నారు. మొక్కుబడి తీర్చుకుంటున్నదానిలా గంటసేపు చేతులెత్తి కూర్చున్నాను.

"గమ్ము రెండువైపులా రాసి కాస్త ఆరనివ్వండి. వేలికి అంటనప్పుడు పెడితే పట్టుకుంటాది. జాకెట్లకి రాళ్లు అలాగే కదా అంటిస్తాను" అన్నాను.

"జాకెట్టూ కారూ ఒకటేటే?" అన్నారు.

మర్నాడు ఎండెక్కేసరికి గుడ్డంతా ఊడి ఆయన బట్టతల మీదే పడింది. నేను నవ్వాను. ఆ నవ్వుకి నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

నాలుగో రోజు ఆ గుడ్డ తెచ్చి నా కుట్టుమిషను మీద పడేశారు. అడగలేదు, పడేశారు. ముప్పై ఏళ్లుగా ఆ మిషను మీద మా సందులో ఆడవాళ్లకి జాకెట్లూ లంగాలూ కుడుతున్నాను. అన్నేళ్లలో నేనేం కుడుతున్నానో ఒక్కసారి తలెత్తి చూడని మనిషికి, ఇప్పుడు నా మిషను కనిపించింది.

గుడ్డ తిరగేసి చూస్తే నాకు తెలిసిన వస్తువే. వెనకవైపు అడ్డంగా, వరసగా మడతలు కుట్టి ఉన్నాయి. ఆ మడతల్లోంచి సన్నటి ఇనుప కమ్మీలు దూర్చి రేకుకు తగిలిస్తారు. లంగా నడుముకి బొందు ఎక్కించడానికి మడత కుడతామే, అదే ఇది. పాత కుట్లు విప్పి, ఆ ముక్కల్నే కొలతగా పెట్టుకుని కొత్తది కత్తిరించాను. మడత ఒక్క గోరంత పక్కకి పోయినా గుడ్డ ముడతపడుతుంది. రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టాను. మూడోసారికి అది రేకు కింద దుప్పటి పరిచినట్టు నిలిచింది.

తలుపుల పనీ నా మీదే పడింది. కొత్త అట్టకు పెట్టిన క్లిప్పు, తలుపు రేకులో ఉన్న చిల్లుకు సరిగ్గా ఎదురుగా రావాలి. ఈయన ఉజ్జాయింపుగా పెట్టి సుత్తితో కొట్టి రెండు అట్టలు విరగ్గొట్టారు. నేను కుంకుమ తడిపి క్లిప్పుల మొనలకు రాశాను. అట్టను ఒకసారి తలుపుకి ఆనించి తీస్తే, చిల్లు ఎంత తప్పిందో రేకు మీద ఎర్రగా కనిపించింది. అంత మేర క్లిప్పు జరిపాను. తర్వాత అరచేత్తో నొక్కితే చాలు, టక్కుమని కూర్చున్నాయి. పోర్టు నుంచి ఎగిరొచ్చి తలుపుల్లో పేరుకున్న బొగ్గుదుమ్ము వారం దాకా నా గోళ్లు వదల్లేదు.

ఇంత చేసినందుకు నేను చీర అడగలేదు. నలుగురి ముందు ఆయన నోట "మా ఆవిడ చేసింది" అన్న మాట వినాలనుకున్నాను. అంతే. ఆ మాట కోసం ఎంత ఆశపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ప్రదర్శన రోజు పొద్దున్నే లేచి, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకున్నాను.

బీచ్ రోడ్డులో మా కారు చుట్టూ జనం మూగారు. ఇంజను చూసినవాళ్లు తక్కువ, లోపలికి తొంగిచూసినవాళ్లు ఎక్కువ. మా ఆయనతో పోర్టులో పనిచేసి, ఇప్పుడు మధురవాడలో ఫ్లాట్ కొనుక్కున్న స్నేహితుడొకాయన వచ్చాడు. ఆయనకూ ఇలాంటి పాత కారే ఉంది. వెనక సీట్లో కూర్చుని, రూఫు గుడ్డంతా వేళ్లతో తడిమి చూశాడు.

"బావ, ఒక్క ముడత లేదు. ఎవుడు సేశాడు?"

నేను మజ్జిగ సీసా పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు చూశారు. చూశారు కాబట్టే ఇది మరిచిపోలేను.

"కంచరపాలెంలో ఒక టైలరు మాస్టారున్నాడు బావ. ముసిలాయన. పెద్ద పనోడు" అన్నారు.

ఇంటికొచ్చాక అడిగాను, అలా ఎందుకన్నారని.

"లంగాలు కుట్టే మిషను మీద పెళ్లాం కుట్టిందని సెప్పమంటావేటి? పోర్టోళ్లంతా నవ్వుతారు" అన్నారు. పైగా ఆ మాటలో తప్పేమిటో ఆయనకు నిజంగానే తెలియలేదు. తెలిసి చేసుంటే ఎప్పటికైనా క్షమించేదాన్నేమో.

మధురవాడ స్నేహితుడు ఊరుకునే రకం కాదు. మాస్టారి అడ్రసు కావాలని రోజూ ఫోను. ఈయన ఒకరోజు మాస్టారు ఊళ్లో లేడన్నారు, ఇంకోరోజు ఆయనకి ఒంట్లో బాగోలేదన్నారు. చివరికి ఒక మధ్యాహ్నం ఆ స్నేహితుడి కారు రూఫు గుడ్డ మడతపెట్టి సంచిలో తెచ్చి, నా మిషను పక్కన పెట్టారు.

"నువ్వు కుట్టీ. మాస్టారు కుట్టాడని నాను ఇచ్చీసి వస్తాను."

"కుట్టను" అన్నాను. పెళ్లయ్యాక ఆ మాట ఎన్నిసార్లన్నానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

"మరి ఆడికి నానేటి సెప్పాలి?" అంటుండగానే ఫోను మోగింది. ఆ స్నేహితుడే.

నా ఒళ్లు మండిపోయింది. "మీ మాస్టారు చచ్చిపోయాడని చెప్పండి" అన్నాను. ఆ మాటకైనా తలదించుకుంటారనుకున్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. చెవి సరిగా వినబడదు కాబట్టి, ఎప్పటిలాగే ఫోను స్పీకర్లో పెట్టారు.

"బావ, ఆ మాస్టారు పోయాడు."

"అయ్యో. ఎప్పుడు బావ?"

"మొన్ననే."

"అలాంటి సెయ్యి మళ్లీ దొరకదు బావ. ఎంత ఓపికుంటే అలగ కుడతారు. నాను మా ఇంట్లో కూడా సెప్పాను ఆ పని గురించి" అన్నాడు ఆ స్నేహితుడు. అతని గొంతులో నిజమైన బాధ ఉంది. నేను మిషను ముందు కూర్చుని అంతా విన్నాను. మా ఇంట్లో నా పనిని ఒకరు మెచ్చుకోగా వినడం అదే మొదటిసారి.

"పోనీ ఆయనింట్లో ఎవులైనా నేర్సుకున్నారేటి బావ, ఆ పని?"

మా ఆయన ఈసారి నా వైపు చూడలేదు. "లేదు బావ, ఎవులూ లేరు" అని ఫోను పెట్టేశారు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మంచి ఉపాయం చెప్పావే అని నన్ను మెచ్చుకున్నారు.