పెదనాన్న కోసం వదిలిన చోటు

ఆకులంట. మామిడాకుల మధ్య ఎండ పడి ముఖంలా కనిపించి ఉంటుందంట. మా బావ ఈ మాట అన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ మాట అందరికంటే ముందు నాకు నేనే చెప్పుకున్నాను. కెమెరాలతో బతికేది నేను, ఆయన కాదు.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే ఫోన్ తీసి స్క్రోల్ చేసుకుంటూ కూర్చునే రకం నేను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తాను, కెమెరాల మీద వీడియోలు చేస్తాను. మా ఇంట్లో అందరూ చర్చికి వెళ్లేవాళ్లే. పోయినవాళ్లు ఇక్కడిక్కడే తిరుగుతుంటారంటే ఒక్కరూ ఒప్పుకోరు. నేను ఇప్పటికీ ఒప్పుకోను. అయినా ఇది జరిగింది.

మా పెదనాన్న విస్సన్నపేటలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఊరందరికీ మాస్టారే. చాట్రాయి వైపు వాళ్లకి చిన్న మామిడి తోట ఉంది. పోయిన ఏడాది కోతలయ్యాక, వానలు మొదలైన రోజుల్లో, ఆయన గుండెపోటుతో పోయారు.

మా తోటలో మొదటి కోతకి ఒక పద్ధతుంది. చిక్కం పైకెత్తే ముందు, అంటే చివర వల సంచి కట్టిన ఆ పొడుగు కర్రతో మొదటి కాయ దించే ముందు, పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు. మొదటి గంప చర్చికి వెళ్తుంది. ఈ రెంటికీ మధ్యలో ఫోటో. పెద్ద రసం చెట్టు కింద ఇంట్లోవాళ్లూ, కోతకొచ్చినవాళ్లూ ఒకే వరసలో నిలబడతారు. పెద్దమ్మ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదులుతారు. అది పెదనాన్నది. ఆయన కెమెరాకి టైమర్ పెట్టి, పరిగెత్తుకొచ్చి అందులో నిలబడాలి.

ఎప్పుడూ అందుకోలేదు. మోకాలు నొప్పి మనిషి. ఏ ఏడాది ఫోటో చూసినా ఆ ఖాళీలో ఆయన వీపో, మోచెయ్యో, గాల్లో ఎగిరిన చెప్పో ఉంటుంది తప్ప ముఖం ఉండదు. గంపలు మోసే కుమారి అయితే ఏటా అదే అరుపు: "మాస్టారూ, వచ్చే కోతకి ఇప్పుడే బయల్దేరండి, సరిగ్గా అందుకుంటారు!"

ఎవరైనా ఫోన్‌తో ఆయన్ని తీయబోతే "ఇటివ్వు, నేను తీస్తా, నువ్వెళ్లి నిలబడు" అని లాక్కునేవారు. స్టూడియోలో కూర్చోబెడితే బిగుసుకుపోయేవారు. అందుకే మొన్న ఆయన పోయి ఏడాది నిండుతుందని పెట్టిన జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడి, స్టేజీ మీద కట్టే ఫ్లెక్సీకి ఫోటో కావాల్సి వచ్చేసరికి మా దగ్గరున్నది ఆధార్ కార్డు ఫోటో ఒక్కటే. అది పెడదామని బావ అంటే పెద్దమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"అది ఆయనేంటి? పోలీసులు పట్టుకున్నోళ్ల ఫోటోలా ఉంది. ఆయన నవ్వుతుంటే ఎట్టుంటారో తెలీనోళ్లు పెట్టుకోండి దాన్ని."

అదీ సంగతి. పెద్దమ్మకి కావాల్సింది ఆయన నవ్వు ముఖం. అది ఎక్కడా లేదు. ఆయన కెమెరా కార్డు మొత్తం నేనే వెతికాను. మనుషులు, చెట్లు, కాయలు, పిల్లులు, ఆ వీపులు. అంతే.

ఆ కెమెరా మిర్రర్‌లెస్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లోది. నా దగ్గరున్నది ఈమధ్యే కొన్న కొత్త మోడల్. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి మామిడి తోటలో పోల్చి చూస్తే మంచి వీడియో అవుతుందనిపించింది. అయిపోయాక పాతదాన్ని రీసెట్ చేసి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తానని కూడా అడిగాను. "తీసుకుపోమ్మా, నాకెందుకది" అంది పెద్దమ్మ.

కోత రోజు పొద్దున ట్రైపాడ్ మీద ఒక బార్ బిగించి రెండు కెమెరాలూ ఎక్కించాను. ఒకే ఎత్తు, ఒకే కోణం. నిజం చెప్పాలంటే పాతదాని మీద నాకు పెద్ద ఆశ లేదు. ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. నీడలో ఉన్న ముఖాలు మసకేస్తాయి. కొత్తదయితే కొమ్మ మీద పిట్ట కన్ను కూడా వదలదు. కానీ పాతది తీసిన రంగుల్లో ఏదో ఉంది. పండుతున్న రసం కాయ మీద ఆ పసుపు, కొత్తదాంట్లో కొంచెం ప్లాస్టిక్‌లా వచ్చింది. ఇది కూడా వీడియోలో చెప్పాలనుకున్నాను.

ప్రార్థన అయింది. అందరూ వరసలో నిలబడ్డారు. పెద్దమ్మ పక్కన ఖాళీ వదిలారు. ఎవరూ చెప్పలేదు, అలవాటున కాళ్లు అలా ఆగిపోయాయి.

"షారూ, నువ్వొచ్చి ఇక్కడ నిలబడు" అంది అక్క, అంటే పెద్దమ్మ కూతురు, బావ భార్య.

"నాకు పనుంది, కదలకండి" అని కసిరాను.

కొత్త కెమెరా నా ఫోన్‌కి కలిపి ఉంది. పాతది ఆన్ చేసి వదిలేశాను, దాన్ని తర్వాత చేత్తో నొక్కుదామని. నా రెండు చేతులూ ఫోన్ మీదే ఉన్నాయి. "నవ్వండి" అన్నాను. ఒక్కరు కూడా నవ్వలేదు. కుమారి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు పాత కెమెరా స్క్రీన్ కనబడింది. ముఖాల్ని గుర్తుపట్టి కెమెరా వాటి చుట్టూ గీసే తెల్ల డబ్బాలు ఉంటాయి కదా, అవి అందరి మీదా తడబడుతున్నాయి. ఉన్నట్టుండి ఖాళీలో ఒక డబ్బా పడింది. తెల్లది కాదు, ఊదా రంగు. పెద్దమ్మ తలకన్నా కొంచెం ఎత్తులో. అది నిలకడగా లేదు. పైకీ కిందికీ ఊగుతోంది, పరిగెత్తుకొచ్చి రొప్పుతున్న మనిషి తలలా. మెల్లగా సర్దుకుంది. ఆగింది.

టక్‌మని షట్టర్ పడింది.

నేను ముట్టుకోలేదు. ఉలికిపడి ఫోన్ నొక్కేశాను, కొత్తది కూడా అదే క్షణంలో తీసింది. ఫోన్‌లో చూస్తే ఖాళీలో ఏ డబ్బా లేదు. పిట్ట కన్ను వదలని కెమెరాకి అక్కడ ఏమీ కనబడలేదు.

పాతది తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఖాళీ. వెనక చెట్టు మొదలు, వేలాడే కాయలు. అంతే.

"ఏమైంది?" అన్నాడు బావ. చెప్పాను. ఆయన చెట్టు వైపు చూసి, "ఆకులు షారూ. పాత సాఫ్ట్‌వేర్ కదా, కన్‌ఫ్యూజ్ అయింది" అన్నాడు.

"ఆకులైతే ఊదా రంగెందుకొచ్చింది?"

"అది నువ్వే చెప్పాలి, ఎక్స్‌పర్ట్‌వి కదా."

నాకు మండింది. ఆయన నోరు మూయించడానికే అక్కడికక్కడ గట్టు మీద కూర్చుని మెనూలన్నీ తెరిచాను. ఒక చోట స్మైల్ షట్టర్ ఆన్‌లో ఉంది. అంటే ఎవరూ నొక్కకపోయినా కెమెరా కాచుకుని ఉండి, మనిషి నవ్వగానే తనంతట తాను ఫోటో తీస్తుంది. కొత్త మోడల్‌లో ఈ సెట్టింగే లేదు, అందుకే నాకు తట్టలేదు. ఎవరి నవ్వు కోసం ఆగాలో కూడా చెప్పొచ్చు. ఆ ముఖాన్ని కెమెరాలో ముందే నమోదు చేయాలి. నమోదైన ముఖం కనిపిస్తే డబ్బా ఊదా రంగులోకి మారుతుంది.

నమోదు చేసిన ముఖాల పేజీ తెరిచాను.

ఒక్కటే ఉంది. గోరంత బొమ్మ. వంటింట్లో క్యాలెండర్ ముందు, చెయ్యి చాపి కెమెరా తనవైపు తిప్పుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న పెదనాన్న.

అది కార్డులో ఉండదు. కెమెరా లోపలే ఉంటుంది. రీసెట్ కొడితే పోతుంది. సాయంత్రం నేను కొట్టబోయింది అదే.

కెమెరా పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఎవరితోనో కాదు, ఆ స్క్రీన్‌తోనే అన్నట్టు అంది.

"పోయినసారి కోతయ్యాక దీంతో కూర్చునేవారు ఎప్పుడూ. 'ఇంక పరుగు పందెం లేదు సుగుణా, నేనొచ్చి నవ్విందాకా ఇదే ఆగుద్ది' అన్నారు. నాతో వేళాకోళం ఆడుతున్నారనుకున్నా."

నా వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "ఇందాక ఆ డబ్బా ఆగింది కదమ్మా. ఆయాసం తగ్గాకే కదా?"

అవునన్నాను.

ఆ బొమ్మని బయటికి తీసే దారి లేదు. అందుకని పాత కెమెరాని గంప మీద నిలబెట్టి, దాని స్క్రీన్‌ని నా కొత్త కెమెరాతో ఫోటో తీశాను. అంత చిన్న బొమ్మ నుంచి ఫ్లెక్సీకి సరిపడా ముఖం రాబట్టడం కొత్తదానికే సాధ్యమైంది. ఇన్నాళ్లూ ఆ ముఖాన్ని దాచింది మాత్రం పాతదే. వీడియో చేయలేదు. ఏది గొప్పదని చెప్పను? కూడిక రోజు వచ్చినవాళ్లందరూ స్టేజీ ముందు ఆగి, "మాస్టారు నవ్వుతున్నారండీ" అనుకుంటూ కూర్చున్నారు. పెద్దమ్మ ఆ రోజు కడుపునిండా తింది.

పాత కెమెరా ఇప్పుడు ఆవిడ బీరువాలో ఉంది. ఎక్స్‌చేంజ్ మాట మళ్లీ ఎత్తలేదు.

బావ కోసం కాదు, నా కోసం నేను మళ్లీ పరీక్ష చేశాను. మర్నాడు అదే వేళకి, అదే చెట్టు కింద, అదే బార్ మీద రెండు కెమెరాలూ పెట్టాను. మనుషులు లేకుండా చూశాను. అక్కనీ బావనీ బతిమాలి నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి చూశాను. గాలి వీచినప్పుడు, ఆగినప్పుడు, ఎండలో, నీడలో. ఆకులు ఆకుల్లానే ఉన్నాయి. ఊదా డబ్బా మళ్లీ పడలేదు.

ఎలా జరిగిందో నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్లని కూడా నేను నమ్మను. ఆ రోజు రెండు ఫోటోలూ నా ఫోన్‌లోనే ఉన్నాయి, ఎవరడిగినా చూపిస్తాను. వరసలో ఒక్క పెదవి కూడా విచ్చుకోలేదు. నవ్వు కనబడితే తప్ప ఆ కెమెరా తనంతట తాను తీయదు.

సరే బావా, నీ మాటే ఒప్పుకుంటాను. అక్కడ ముఖంలా కనబడింది ఆకులే. మరి నవ్వింది ఎవరు?