కరెంటు రొయ్యలు

ఆ రోజుల్లో ఒక చదువు పూర్తిచేస్తే చాలు, లోకం మన మాట వింటుందని నమ్మేదాన్ని. ఫుడ్ టెక్నాలజీ చదివి, కరీంనగర్ శివారులో రొయ్యలు ఉడికించి ప్యాక్ చేసే చిన్న షెడ్డులో చేరాను. యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. ఆయన కొత్తగా ఒక మిషన్ తెప్పించాడు. ప్లాస్టిక్ తొట్టి, రెండు చివర్లా లోహపు పలకలు, మధ్య ఉప్పునీళ్లలో రొయ్యలు. కరెంటు ఆ నీళ్లలోంచి, రొయ్యల్లోంచి పారితే లోపలా బయటా ఒకేసారి వేడెక్కి నిమిషాల్లో ఉడుకుతాయి. పిప్పిగా మారవు, త్వరగా పాడవవు. (ఎంత వివరంగా చెప్పినా చివరికి అందరూ అడిగేది ఒక్కటే: "తింటె షాక్ కొట్టదా మేడం?")

ఒకరోజు మంచిర్యాల నుంచి ఒక హోటలాయన మిషన్ పనితీరు చూడటానికి వచ్చాడు. ఆయన ఆర్డర్ ఇవ్వకపోతే మిషన్ వాపసు పంపుతానని సేటు ముందే తేల్చేశాడు (నన్ను కూడా అని విడిగా చెప్పలేదు, అర్థమైంది). మూత బిగించి స్విచ్ వేశాను. రొయ్యల్లో మార్పు లేదు, నీళ్లలో వేడి లేదు. వైర్లు చూశాను, ఫ్యూజు చూశాను. "జర టైం వడ్తదా?" అన్నాడు హోటలాయన. సేటు చూసిన చూపుకి నేనే సగం ఉడికిపోయాను. చివరికి స్విచ్ ఆపి, ఆ నీళ్లలో వేలు ముంచి నాలుకకి రాసుకున్నాను (ఉద్యోగం కోసం అదీ చేశాను). చప్పగా ఉన్నాయి.

"ఇందులో ఉప్పు ఏమైంది?" అని అరిచాను.

సేటు వాళ్లవ్వ గడప దగ్గర కూర్చుని తాపీగా చెప్పింది. "నేనే పారబోసిన బిడ్డా. గంత ఉప్పు తింటె బీపీ రాదా? మంచినీళ్లు పోసిన."

"ఉప్పు లేకుంటే కరెంటు పారదవ్వా."

"కరెంటుకు గూడ రుచి గావాల్నా?"

మళ్లీ ఉప్పు కలిపి స్విచ్ వేస్తే, కాసేపటికే రొయ్యలు ఎర్రగా ఉడికాయి. హోటలాయన ముట్టుకోలేదు. నేను తిన్నాను, సేటు తిన్నాడు. ఆయన మా ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. అవ్వే ఒకటి ఒలిచి ఆయన చేతిలో పెట్టి, "తిను కొడుకా, ఏమన్నయితె నాకు చెప్పు" అంది. తిన్నాడు. ఆ తర్వాత పళ్లెం మొత్తం ఖాళీ చేసి అన్నాడు:

"మాల్ పంపుండ్రి. గని డబ్బా మీద కరెంటు ముచ్చట రాయకుండ్రి. కట్టెల పొయ్యి బొమ్మ ఏయుండ్రి."

అది అబద్ధమని ఎంత వాదించినా సేటు వినలేదు. పొయ్యి బొమ్మతోనే డబ్బాలు అచ్చయ్యాయి, మంటతో సహా. డబ్బాలు వచ్చిన రోజు సాయంత్రం బస్సులో దారి పొడవునా రాజీనామా మాటలు పేర్చుకున్నాను. తెల్లారి ఆ మాటే ఎత్తకుండా, అందరికంటే ముందు పనికొచ్చి షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక బొమ్మ మీద అంత కోపం తెచ్చుకునే ఓపిక అప్పటి నేనైన ఆ పిల్లకే ఉండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆమె మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.