లూర్దమ్మత్తతో చెప్పలేకపోయిన మాట

ఈ ఉదయం గిన్నె మీద మూత తీయగానే పులిసిన పిండి వాసన గుప్పుమంది. ఎండాకాలం కదా, అట్లపిండి పొంగి గట్టు మీదికి కారిపోయింది. తుడవాల్సింది పోయి అలాగే నిలబడిపోయాను. లూర్దమ్మత్త గుర్తొచ్చింది. నాకు వరసకు అత్తేమీ కాదు. రాజాంలో మా కతోలిక గుడి వీధి మొదట్లో అట్లు పోసి అమ్ముకునే ఆవిడ. అక్షరమ్ముక్క రాదు. అయినా ఆదివారం పూజ అయ్యాక చిన్నపిల్లలకు సత్యోపదేశం, అంటే మతపాఠాలు, చెప్పింది ఏళ్ల తరబడి ఆవిడే. నాకు దేవుణ్ణి చూపించిందీ ఆవిడే. అలాంటి మనిషి దగ్గర్నుంచి పిల్లల్ని లాగేసుకున్నదాన్ని నేను.

ఆవిడ పాఠం నోటితో మొదలయ్యేది కాదు. నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో, పొద్దున్నే మా ఎనిమిదిమంది చేతా చేతులు కడిగించి పిండి కలిపించింది. ముందురోజు పిండి ఒక్క గరిటెడు అందులో వేయించి, గుడ్డ కప్పించి, "ఎవులూ ముట్టుకోకండి" అంది. మధ్యాహ్నం గుడ్డ తీస్తే పిండి అంచుదాకా లేచి ఉంది. "ఓలమ్మా! ఎవులు సేసినార్రా ఇది?" అంటూ ఏమీ ఎరగనట్టు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మేమేటీ సెయ్యలేదత్తా! లోపలేసిందే సేసీసినాది" అన్నాను నేను. "అదేనే దేవుడి రాజ్యం. గుడ్డ కప్పి ఊరుకో. మాటిమాటికీ ఎత్తి సూడకు" అంది. తర్వాత ఆ పిండితోనే అందరికీ అట్లు పోసి పెట్టింది.

డిగ్రీ అయ్యాక ఆరునెలలు ఉపదేశి శిక్షణకు వెళ్లాను. అక్కడినుంచి పుస్తకాలతోపాటు పొగరు కూడా మోసుకొచ్చాను. వచ్చిన మొదటి ఆదివారం గుడి వెనక పందిట్లో చూద్దును కదా, ఐదేళ్ల పిల్ల ఒకతె భుజాన తువ్వాలు వేసుకుని, పీట ముందు నిలబడి, ఫాదర్ గారు పూజలో అప్పాన్ని ఎత్తినట్టు గుండ్రటి అట్టును రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. మిగతా పిల్లలు మోకాళ్ల మీద ఉన్నారు. ఒక్కళ్లూ నవ్వడం లేదు. వాళ్ల వెనక లూర్దమ్మత్త కూడా మోకరించింది. నాకు ఒళ్లు మండిపోయింది. "పూజతో ఆటలేమిటత్తా?" అన్నాను. "ఆటేటే? సేత్తో అట్టుకుంటే గాని పసోళ్లకి తెలుస్తాదా? ఆ పిల్ల సేతులు సూడు, ఎలా ఒణుకుతన్నాయో" అంది.

నేను చూడలేదు. తిన్నగా ఫాదర్ గారి గదికి వెళ్లాను. అట్టుతో పూజ ఆడిస్తోందన్నాను, చదువు రాదన్నాను, రేపు బిషప్‌గారొచ్చి దివ్యసంస్కారాలెన్నని పిల్లల్ని అడిగితే పరువు పోతుందన్నాను. "పెద్దావిడ కదమ్మా, బాధపడుతుందేమో" అన్నారాయన. "పిల్లల విశ్వాసం కంటే అది ఎక్కువా ఫాదర్?" అన్నాను. ఎంత గొప్ప మాట! తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆవేశంతో కళ్లనీళ్లు పెట్టుకుని బయటికొస్తుంటే అత్త గుమ్మం దగ్గర ఎదురైంది. మరుసటి ఆదివారం నుంచి క్లాసు నాది.

నా పిల్లలు ప్రశ్నోత్తరాలు గడగడా అప్పజెప్పేవారు. అప్పజెప్పి పారిపోయేవారు. అత్త పూజ అయిపోయినా వెనక బెంచీలోనే కూర్చుని మా క్లాసు వైపు చూస్తూ ఉండేది. ఒకరోజు దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆవేళ ఫాదరుగారి గదిలోంచి ఏడుసుకుంటూ వచ్చినావు. నాకోసం గొడవాడినావని నాకు తెల్దేటే? ఆయన ఇనకపోతే నువ్వేటి సేస్తావు? మనసులో ఎట్టుకోకు" అంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "ఊరుకో అత్తా, అదెంత పని" అన్నాను. సిగ్గులేని నోరు! అప్పటినుంచి ప్రతి ఆదివారం నాకు రెండు అట్లు ఆకులో చుట్టి తెచ్చేది. నేను తినేదాన్ని.

పోయిన ఏడాది అత్త కన్నుమూసింది. సమాధి దగ్గర ఆమె కూతురు నన్ను కావలించుకుని, "ఈ గుడిలో అమ్మకోసం మాటాడింది నువ్వొక్కర్తివే" అని అందరూ వినేలా ఏడ్చింది. ఆ వారమే ఫాదర్ ముందు మోకరించి పాపసంకీర్తనంలో అంతా చెప్పుకున్నాను. మూడుసార్లు మరియమ్మ మంగళవార్త జపం చెప్పుకోమని ప్రాయశ్చిత్తం ఇచ్చారు. గుడి మెట్లు దిగేలోపే మూడూ అయిపోయాయి. దేవుడు క్షమించాడనే నమ్ముతాను. కానీ అత్త చేత ఒక్కసారి నోరారా తిట్టించుకోవాల్సింది. ఆ అవకాశం నేనే పోగొట్టుకున్నాను.

పోయిన ఆదివారం అత్త మనవరాలు నా క్లాసులో కొత్తగా చేరింది. ఆరేళ్లుంటాయి. తిన్నగా నా దగ్గరకొచ్చి, "టీచరమ్మా, మా అమ్మమ్మకోసం ఫాదరుగారితో గొడవాడినావట కదా?" అని అడిగింది. గుమ్మంలో వాళ్లమ్మ నవ్వుతూ నిలబడి ఉంది. పిల్లలందరూ నావైపే చూస్తున్నారు.

"అవునమ్మా" అన్నాను.