తాళం లేదని రాశాను

కంప్యూటర్ ఆటల్ని ఇప్పుడెవరూ డబ్బాలో కొనరు. నెట్‌లో కొంటాం, దింపుకుంటాం, మనవే అనుకుంటాం. చాలావాటికి లోపల తాళం ఉంటుంది. తెరిచినప్పుడల్లా, లేదా కొత్త మెషీన్ ఎక్కినప్పుడల్లా, ఇతను నిజంగా కొన్నాడా అని అమ్మినవాణ్ణి అడుగుతాయి. నెట్ లేకపోతే అడిగే దారి లేక అలిగి కూర్చుంటాయి. కొన్ని మాత్రం ఏ తాళం లేకుండా వస్తాయి. ఫోల్డరు తీసుకెళ్ళి అడవిలో పెట్టినా ఆడతాయి. ఏది ఎలాంటిదో అమ్మేవాడు చెప్పడు గనక, ఆటల పిచ్చి ఉన్న కొందరం కలిసి నెట్‌లో ఒక పట్టిక నడుపుతున్నాం. పరీక్ష చాలా తేలిక. ఆటని ఇంకో మెషీన్‌లోకి మార్చాలి, నెట్ తీసెయ్యాలి, తెరవాలి. తెరుచుకుంటే "తాళం లేదు" అని రాసి, ఎలా చూశామో పక్కన రెండు ముక్కలు రాయాలి.

ఆ రెండు ముక్కల దగ్గరే నా చెయ్యి ఆగదు. నేను ఫిల్మ్ నగర్‌లో కథాచర్చల్లో కూర్చునే మనిషిని. ఇంకా తియ్యని సినిమాని చూసొచ్చినట్టు చెప్పడం నా పని. ఒకసారి నేను చెప్పిన ఇంటర్వెల్ సీనుకి నిర్మాత కళ్ళు తుడుచుకున్నాడు. అది నేను ఆయన ఆఫీసు మెట్లెక్కుతూ అల్లిన సీను. మా దగ్గర ఇది తప్పు కాదు. కథ ఉందా అని ఎవరూ అడగరు, చెప్పగలడా అనే అడుగుతారు.

ఆ అలవాటునే పట్టికలోకీ మోసుకెళ్ళాను. ట్రాన్స్‌ఫార్మర్ పేలిన సాయంత్రం, ఇన్వర్టర్ కొన ఊపిరితో ఉండగా, మా ఆవిడ పాత లాప్‌టాప్‌ని పప్పుల డబ్బాల మధ్య పెట్టి తెరిస్తే ఆట గుర్రంలా దౌడు తీసిందని రాసేవాణ్ణి. చదివినవాళ్ళు మురిసిపోయేవారు. కొన్ని ఆటల్ని నిజంగానే అలా చూశాను. కొన్నింటిని చూసినట్టు చెప్పాను.

ఊళ్ళు కట్టే ఆట ఒకటుంది. అది రెండో రకం.

ఆ ఆటలో ఒకమ్మాయి ఊరు కట్టింది. సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఏళ్ళ తరబడి అసిస్టెంటు. హైదరాబాదులోనే పుట్టి పెరిగింది, నన్ను అన్నా అంటుంది. చేతిలో ఉన్న విద్య నోట్లో లేదు. మేం కథాచర్చలకి కూర్చున్న సినిమాకి కొండవాలు మీద పల్లె సెట్ కావాలి. ఆ పల్లెని ఆమె సందు సందూ కట్టి, పొద్దువాలే వెలుతురు కూడా పెట్టింది. దర్శకుడు తెరమీద అందులో నడిచి చూసుకోవచ్చు. నేనే చెప్పి ఆయన్ని ఒప్పించాను. నచ్చితే ఆర్ట్ డైరెక్టర్‌గా మొదటిసారి ఆమె పేరు పడుతుంది.

దర్శకుడి ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో, చర్చల గది సెల్లార్‌లో. కథ బయటికి పొక్కుతుందని గేటు దగ్గరే ఫోన్లు లాక్కుంటారు, లోపల నెట్ పెట్టనివ్వరు. అందుకే ఆమె ముందే అడిగింది, కొత్త లాప్‌టాప్‌లోకి మార్చుకున్నానని, ఇంట్లో తెరుచుకుందిగానీ ఇంట్లో నెట్ ఉందని, లేనిచోట తెరుచుకుంటుందా అని. మా పట్టిక చూసుకోమన్నాను.

"సూసిన అన్నా. నువ్వు రాసిందే ఉంది. గందుకే నిన్నే అడుగుతున్న."

"మరింకేం అనుమానం?" అన్నాను. ఇంటికెళ్ళి నెట్ తీసి ఒక్కసారి చూస్తే ఐపోయేది. కానీ నా రాత మీద నాకే నమ్మకం కుదిరింది. పప్పుల డబ్బాలు కళ్ళకి కట్టాయి మరి.

ఆ రోజు సెల్లార్‌లో ఆమె ఆట తెరిచింది. ఊరు రాలేదు. కొన్న సంగతి సరిచూడాలి, నెట్‌కు కలపండి అని ఒక గడి వచ్చింది. మూసి తెరిచింది. మళ్ళీ అదే గడి. నా వైపు చూసింది. కోపంగా కాదు, నాకేదో ఉపాయం తెలిసే ఉంటుందన్నట్టు.

దర్శకుడు మంచిగానే అన్నాడు, పరవాలేదమ్మా, నోటితో చెప్పెయ్ అని. "వాడలు మూడుంటయ్ సర్, కిందికెల్లి..." అని ఆగిపోయింది. అప్పుడు నేను నిజం చెప్పాల్సింది. లేచి నిలబడి ఊరు చెప్పాను. మలుపులో దిగుడుబావి, పాచి పట్టిన రాతిమెట్లు, దిగుతున్న ఆడవాళ్ళ గాజుల చప్పుడు, నీళ్ళలో దీపం. దర్శకుడు కుర్చీ ముందుకు జరిగాడు. క్లైమాక్స్ ఆ బావిలోనే అన్నాడు. ఆ తర్వాత మాట కూడా ఆయనదే: "నువ్వింత బాగా చూశావు కదా, మన పాత ఆర్ట్ డైరెక్టర్‌కి నువ్వే చెప్పెయ్. ఈ అమ్మాయి ఆయన కింద చేస్తుంది."

ఆమె వెనకే సెల్లార్ మెట్లెక్కాను.

గేటు దగ్గర ఫోన్లు తిరిగిచ్చారు. ఆమె లాప్‌టాప్‌ని ప్రహరీగోడ మీద పెట్టి ఫోన్‌లోంచి నెట్ ఇచ్చింది. ఊరు తెరుచుకుంది.

"నా ఊర్ల బావి లేదన్నా," అంది. "నువ్వు నెట్ బంద్ జేసి సూసినవా, లేదా?"

"లేదమ్మా."

తెరమీద సందులెంట నన్ను తిప్పింది. వాలు చివర ఒకటే కుళాయి, దాని ముందు రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరస, ఒక బిందె స్థానంలో రాయి. ఎవరో తన వంతుకి రాయి పెట్టి ఇంటికెళ్ళారన్నమాట. అలాంటిది నాకు జన్మలో తట్టదు. అంతసేపు నేను పొగిడిన ఊరిని అప్పుడే మొదటిసారి చూస్తున్నాను.

దర్శకుడు కారెక్కబోతుంటే అడ్డం వెళ్ళాను. బావి నా కల్పననీ, ఆమె కట్టిన ఊరు ఇదనీ, ఆట తెరుచుకోకపోవడం నా తప్పనీ చెప్పాను. వంగి చూశాడు. బిందెలు చూసి తలూపాడు కూడా.

"బాగుందయ్యా. కానీ ఇందులో బావి లేదుగా," అని కారెక్కాడు.

ఆమె లాప్‌టాప్ మూసింది. "ఆ పట్టికల మార్చన్నా జర. ఇంకెవరన్న నమ్ముతరు."

మార్చాను. నేను రాసినవన్నీ నెట్ తీసి మళ్ళీ చూస్తున్నాను. ఇంకొన్ని తాళాలు బయటపడుతున్నాయి.

స్టూడియోలో బావి కడుతున్నారు. మెట్లకి పాచిరంగు ఆమే దగ్గరుండి వేయిస్తోందట, అసిస్టెంటుగా. గాజుల చప్పుడు ఎటునుంచి రావాలో వచ్చి చెప్పమని సౌండ్ వాళ్ళు నాకు కబురు పెడుతున్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకుంటున్నాను.