తాయారమ్మ పిల్లికి ఇన్సులిన్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, మామిడి కోతలకు ముందు, నన్ను చాట్రాయి వైపు ఒక ఊరి పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. పశువైద్యాధికారిగా అదే నా చివరి పోస్టింగు. ఓపీ రిజిస్టరు నిండా గేదెలు, మేకలు, కోళ్లే. పిల్లికంటూ ఒక గడి కూడా ఉండేది కాదు, "ఇతరములు" కింద రాసేవాళ్లం.

ఆ ఇతరముల్లోకి వచ్చింది తాయారమ్మ పిల్లి. తాయారమ్మ తోటల్లో కాయ ఏరి, సైజుల వారీగా వేరుచేసే కూలి మనిషి. మగపిల్లి, మంచి పసుపు రంగు. మామిడి రకం పేరే పెట్టి దాన్ని "కలెక్టరు" అని పిలిచేది. "కలెక్టరుగారు గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగేస్తన్నారండీ, ఒంట్లో మాత్రం కండ లేదు" అంది. చెవి అంచున చిన్న రక్తపు చుక్క తీసి, గ్లూకోమీటరులో పెట్టి చూశాను. షుగరు.

"పిల్లికి షుగరేంటండీ, నాకే లేదు!" అని పకపకా నవ్వింది. మందు ఖర్చు చెప్పేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. పిల్లుల కోసం అమ్మే ఇన్సులిన్ కొనాలంటే ఆవిడ కూలి చాలదు. "మా ఆయన పోయాక ఇంట్లో నాకు తోడు ఇదొక్కటేనండీ. ఏదో ఒకటి చెయ్యండి" అంది.

చేశాను. మనుషులకు వాడే నలభై యూనిట్ల రకం సీసా చవక, అది రాశాను. దానికి ఎర్రమూత సిరంజే వాడాలి. నారింజ మూతది వంద యూనిట్ల రకానికి, పొరపాటున వాడితే డోసు తలకిందులవుతుంది. రెండు పూటలా ఇంట్లో ఎలా పొడవాలో ఆవిడకే నేర్పాను. అన్నం, పాలు బంద్. చేప తలకాయలు పెట్టమన్నాను, అవి చేపలమ్మి ఊరికే ఇచ్చేది. ఇక మిగిలిన ఖర్చు టెస్టు స్ట్రిప్పులు. వారానికి ఒక్కటే వాడదామని, ప్రతి ఆదివారం పొద్దున్నే పిల్లిని మా ఇంటికి తెమ్మన్నాను. భలే పొదుపు చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఏ ఆదివారం చూసినా షుగరు ఎక్కువే. ఒక్కో యూనిట్ పెంచుకుంటూ పోయాను. మూడోవారం ఒళ్లు మండి, "దొంగచాటుగా అన్నం పెడుతున్నావు కదూ?" అని గదమాయించాను. "రోజూ చేపేనండీ, మా అమ్మ తోడు" అంది. నేను నమ్మలేదు.

ఆ బుధవారం తాయారమ్మ ఏడుస్తూ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. కొంగులో పిల్లి కాళ్లు కొట్టుకుంటోంది, చూపు లేదు. షుగరు బాగా పడిపోయింది. చిగుళ్లకు గ్లూకోజు రాసి, నరంలోకి గ్లూకోజు సెలైన్ ఎక్కించాం. గంట తర్వాత గాని లేవలేదు. లేచి నా చెయ్యి గీరింది. ఆ గీతలు చూసుకుని నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

అప్పుడు కూర్చోబెట్టి అడిగాను. నిన్న ఏం పెట్టావు? చేప. మొన్న? చేప. ఆదివారం? చేపే. శనివారం?

"శనివారం నీచు ఎలా వస్తదండీ ఇంట్లోకి? వెంకన్నబాబు రోజు కదా. పెరుగన్నం పెట్టాను" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

తెలియక ఏం? మా ఇంట్లోనూ శనివారం నీచు ముట్టరు. పెరుగన్నం తిన్న మర్నాడే నేను రక్తం చూస్తున్నాను. ఆ ఒక్కరోజు షుగరును బట్టి పెంచిన డోసు, చేప తినే మిగతా రోజుల్లో పిల్లిని చంపబోయింది. తప్పు పూర్తిగా నాదే. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. "పోన్లెండి, బతికాడు కదా" అంది.

డోసు మళ్లీ మొదటికి తెచ్చాను. స్ట్రిప్పు వారానికి ఒక్కటే, కాకపోతే ప్రతిసారీ వేరే రోజు. శనివారం సంగతి తాయారమ్మే తేల్చింది: "మొక్కు నాదండీ, దానిది కాదుగా." ఆ రోజు పెరట్లో విడిగా పొయ్యి పెట్టి గుడ్డు ఉడికించేది. కోతలు అయ్యేసరికి డోసు ఒక్క యూనిట్‌కి దిగింది, దసరా నాటికి ఇంజక్షనే అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ గేదెని తెచ్చినా, ఏ కుక్కని తెచ్చినా, "రోజూ ఏం పెడతారు?" అని నేను అడగలేదు. సోమవారం నుంచి మొదలుపెట్టి ఒక్కో రోజూ విడిగా అడిగాను.