అమ్మ పోసినట్టే అనుకున్నాం

పాపాత్తి ఆ చీటీ కోసం చేసిన పని గురించి మా తమిళ ఊరు సత్రపట్టిలో ఇప్పటికీ తలా ఒక మాట అంటారు. పిచ్చిదంటారు, కొందరు మొగుణ్ణి మింగిందని కూడా అంటారు. ఆ మాట నా చెవిన పడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. మా బ్యాండేజీ కంపెనీలో నేను సూపర్‌వైజర్ని, పేరు కన్నన్. పదిహేడేళ్ళు ఆమెతో ఒకే కప్పు కింద పనిచేశాను. ఆమె సంగతి ఈ నోళ్ళకేం తెలుసు?

ఆమెది మడత పని. మగ్గం దిగి, తెల్లబారి, ఆరి వచ్చిన పల్చటి గుడ్డను కొలతకు కోసి, అంచు దారాలు లోపలికి పోయేలా మడవాలి. ఎవరి గాయం మీదా ఒక్క పోగు కూడా రాలకూడదు. పాపాత్తి కట్టిన కట్టను విప్పి చూడాల్సిన అవసరం నాకు ఏనాడూ రాలేదు. నోరు మాత్రం పెద్దదే. నేను ఎవరినైనా కసిరితే చాలు, "ఏమన్నా, పొద్దున వదిన కాపీ ఇయ్యలేదా?" అని అందరి ముందూ అనేసేది. నవ్వక చచ్చేవాణ్ణా!

ఆమె భర్త రామచంద్రన్ రాజపాళయంలో ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై ఏళ్ళు పత్తి దుమ్ము మింగాడు. నలభై ఎనిమిదికే ఊపిరితిత్తులు చెడి ఇంట్లో కూర్చున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకోవాలి. పూటపూటా మందు పీల్చాలి. పిల్లల్లేరు. ఆమె పనికి వస్తేనే ఆయనకు మందు.

2020లో కరోనా వచ్చి కంపెనీ మూతపడింది. రెండు నెలల తర్వాత తెరుచుకోవచ్చన్నారు. ఆస్పత్రులన్నీ గుడ్డ గుడ్డ అని మొత్తుకుంటున్నాయి. కానీ లోపల ఒక్కరికి జబ్బు వచ్చినా తాళం వేసేస్తారు. మా మొదలాళి పొన్నురంగం, అంటే యజమాని, తల పట్టుకుని నన్ను పిలిపించాడు.

"ఏం చేసేదప్పా కన్నన్? ఎవర్ని లోపల పెట్టుకునేది?"

ఆ క్షణాన నా నోరు పడిపోయినా బాగుండేది. మా ఇళ్ళల్లో ఎవరికైనా అమ్మ పోస్తే, ఒంటి నిండా పొక్కులు లేస్తే, గుమ్మానికి వేపాకు కడతాం. ఇదివరకు అమ్మ పోసి తగ్గినవాళ్ళనే లోపలికి పంపుతాం. వాళ్ళకు మళ్ళీ రాదు, వాళ్ళే దగ్గరుండి చూసుకుంటారు. చిన్నప్పటి నుంచీ చూసింది అదే, నాకు తోచిందీ అదే.

"వచ్చి తగ్గినోళ్ళకు బయమేముంది మొదలాళీ? ఆస్పత్రిలో డిశ్చార్జి చీటీ ఇస్తారు గదా. అది తెచ్చినోళ్ళకే పని అందాం."

మొదలాళి మొహం విప్పారింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి నేనే చెప్పాను, అమ్మ పోసినట్టే అనుకోండి, పోసి తగ్గినవాళ్ళు ముందు రండి అని. నలభై మందిలో తొమ్మిది మంది దగ్గర చీటీలున్నాయి. నిన్నటిదాకా వీధిలోకి రానివ్వని తొమ్మిది మంది ఆ పొద్దు తలెత్తుకుని లోపలికి నడిచారు.

పాపాత్తి ముందుకొచ్చింది. "అన్నా, మాకు రాలేదంటే మేం ఏం తప్పు చేసినాం?"

"తప్పు కాదమ్మా. జాగర్త."

"ఆయనకి యాడ అంటుతుందో అని రెండు నెలలు గడప దాటలేదు నేను. జాగర్తగా ఉన్నదానికి పని లేదు, ఊరంతా తిరిగి తెచ్చుకున్నదానికి పని ఉంది. ఇదేం నాయం?"

వెనక ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఆమె మాట నిజమని నాకూ తెలుసు. అందుకే కోపం వచ్చింది.

"చీటీ ఉంటే రా, లేకుంటే పో!" అని అరిచాను.

ఆమె వెళ్ళిపోయింది. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. ఆయన మందు అయిపోవస్తా ఉందన్నా, ఒక పక్కన దూరంగా కూర్చుని మడుస్తాను అంది. రూలు రూలే అన్నాను.

ఆ తర్వాతి సంగతులు చాలా రోజులకు ఆమే నాకు చెప్పింది. తళవాయిపురంలో ఆమె పెద్దమ్మ కూతురు సుగంధికి జ్వరం వచ్చి కరోనా అన్నారు. ఎవరూ గడప తొక్కడం లేదు. అక్కకు గంజి కాచిచ్చే దిక్కు లేదని భర్తకు చెప్పి, ఆయన్ని పక్కింటివాళ్ళకు అప్పగించి బస్సెక్కింది. సగం నిజమే అది. రెండో సగం ఆయనకు చెప్పలేదు. సుగంధి తిన్న కంచంలో తినింది. సుగంధి దిండు మీద తల పెట్టుకుని పడుకుంది. ఐదో రోజుకు ఒళ్ళు కాలింది. అమ్మయ్య అనుకుందట. తనకు వచ్చి తగ్గిపోతే, చీటీ చేతికొచ్చాకే ఇంటికి పోవాలన్నది ఆమె లెక్క.

మూడు రోజులకు జ్వరం దిగింది. అప్పటికి తేరుకున్న సుగంధి వేపాకూ పసుపూ వేసిన నీళ్ళు ఆమె తల మీద పోసింది. మాలో తలకు నీళ్ళు పోశారంటే అమ్మ వెళ్ళిపోయినట్టే. ఆ తర్వాత అంటు లేదు, పసిబిడ్డనైనా ఎత్తుకోవచ్చు. ఇక మిగిలింది చీటీ. ఆస్పత్రిలో పరీక్షకు ఆధార్ కార్డు కావాలన్నారు. కార్డు ఇంట్లో ఉంది.

ఇంటికి వెళ్ళింది. గంట కూడా లేదు. రామచంద్రన్‌కు వేణ్ణీళ్ళు కాచి వీపు రుద్దింది. ఇద్దరూ కూర్చుని రసం అన్నం తిన్నారు. నువ్వు లేకుంటే ఇల్లు ఇల్లుగా లేదని ఆయన అన్నాడట. కార్డు తీసుకుని ఆస్పత్రికి పోయింది. పరీక్షలో కరోనా ఉందని తేలింది. పది రోజులు ఉంచుకున్నారు. ఆ వార్డులో సంతోషంగా ఉన్నది తానొక్కతేనని చెప్పింది నాతో.

ఆమె ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజుకు రామచంద్రన్‌కు ఆయాసం ఎక్కువైంది. పక్కింటివాళ్ళు కబురు పెడితే అంబులెన్సును పిలిచింది నేనే. తీసుకెళ్ళింది ఆ ఆస్పత్రికే, ఆమె ఉన్న వార్డుకు కింది అంతస్తుకే. ఆమెకు ఫోన్ చేసి చెప్పనా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. తగ్గాక చెబుదాంలే అనుకున్నాను. మూడో రోజు ఆయన పోయాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకుపోయారు. పైన ఉన్న భార్యకు మొహం కూడా చూపించలేదు. ఎందుకు చెప్పలేదురా చచ్చినోడా అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఆయన పోయి పదహారు రోజులు గడిచాక, దినాలు ముగించుకుని, పాపాత్తి గేటు దగ్గరికి వచ్చి డిశ్చార్జి చీటీ నా చేతికిచ్చింది. నేను పేరు రాసుకున్నాను. ఆమె వెళ్ళి తన చోట కూర్చుని మడత మొదలుపెట్టింది. నేను ఎవరిని కసిరినా తలెత్తేది కాదు.

నెల తిరగకముందే, మొదటి రోజు చీటీతో లోపలికొచ్చిన తొమ్మిది మందిలో ఒకడు, అయ్యనార్, మళ్ళీ జ్వరంతో పడ్డాడు. మళ్ళీ అదే జబ్బు. చూడ్డానికి వచ్చిన డాక్టరు నా దగ్గరున్న చీటీల కట్ట తిరగేసి, ఇవి తగ్గి ఇంటికి పోయారని చెప్పే కాగితాలు, మళ్ళీ రాదని ఎవరు చెప్పారు మీకు, అని అడిగాడు. మొదలాళి నా వైపు చూశాడు. వారం రోజులు తాళం పడింది. తెరిచిన రోజే రూలు తీసేశాం. మాస్కు వేసుకుని, దూరం దూరంగా కూర్చునేట్టయితే అందరూ రావచ్చన్నాం. అయ్యనార్ తప్ప అందరూ వచ్చారు.

మధ్యాహ్నం అన్నం వేళ పాపాత్తి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకుని ఉంటే చీటీ లేకుండానే రానిచ్చుందురా అన్నా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ "అవునమ్మా" అన్నాను. అక్కడితో ఆగలేకపోయాను. "ఆ రూలు మొదలాళిది కాదు పాపాత్తీ. నేను చెప్పినదే."

"తెలుసన్నా" అంది. గొంతులో కోపం కూడా లేదు. "అమ్మ పోసినట్టే అని గేటుకాడ చెప్పినావే, అప్పుడే తెలుసు. మొదలాళి చెప్పుంటే నేను నమ్మేదాన్నే కాదు. నువ్వు చెప్పినావనే, తలకు నీళ్ళు పోసుకుని ఆయన దగ్గరికి పోయినా."