తోడు ఎవరు?

శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో గేటు దగ్గర కూర్చుని ఉండగా, పక్క కుర్చీలోని పెద్దావిడ చేతిసంచీలోంచి బామ్ డబ్బా తీసి కణతలకు రాసుకుంది. ఆ వాసన తగలగానే నాకు కళ్లు చెమర్చాయి. బామ్ ఘాటుకని సర్దిచెప్పుకోవచ్చు కానీ, కాదు. అది సుభద్ర ఆంటీ ఆఫీసు వాసన. ఇక్కడికి దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు పక్కన, రెండు బల్లలు, నాలుగు కుర్చీలు పట్టే గదిలో ఆవిడ ట్రావెల్ ఏజెన్సీ నడిపేవారు. ఇండియాకు తిరిగి వెళ్లే పెద్దవాళ్లకు టికెట్ కవరుతో పాటు ఒక బామ్ డబ్బా కూడా చేతిలో పెట్టేవారు. డబ్బాలన్నీ ఆవిడ సొరుగులోనే ఉండేవి కాబట్టి అది తెరిచినప్పుడల్లా గదంతా ఆ వాసనే.

రెండు వేల నాలుగులో నేను ఆవిడ దగ్గర పనికి చేరాను. కంప్యూటర్ మీద టికెట్లు చకచకా బుక్ చేయగలనని నాకు కొంచెం గర్వం ఉండేది. మొదటిరోజు ఆవిడ కంప్యూటర్ జోలికే పోనివ్వలేదు. ఒక అట్టపెట్టె నా ముందు పెట్టి "ముందు మనవాళ్లెవరో తెలుసుకో" అన్నారు. పెట్టె నిండా కార్డులు, ఒక్కో ప్రయాణికుడికి ఒక్కొక్కటి. 'మోకాళ్ల నొప్పి, నడవా పక్క సీటు.' 'ఎస్కలేటర్ అంటే భయం, లిఫ్ట్ చూపించాలి.' 'ఏకాదశి నాడు ప్రయాణం వద్దు.' ప్రతి కార్డులోనూ ఎన్నోసారి ప్రయాణం, దేనికి భయం అనే ప్రశ్నలుండేవి. అన్నిటికంటే కింద, గీత గీసి మరీ, 'తోడు ఎవరు?' అని ఉండేది. ఇంగ్లీషు రాని ఏ తల్లి ఒంటరిగా బయల్దేరినా, అదే విమానంలో వెళ్లే మరో తెలుగు మనిషిని వెతికి ఇద్దరికీ ఫోనులో పరిచయం చేసేవరకూ ఆంటీకి ముద్ద దిగేది కాదు.

ఒకసారి ఒక కుర్రాడు మొహమాటపడుతూ "ఆన్‌లైన్‌లో తక్కువకి వస్తోందాంటీ" అన్నాడు. నేను ముఖం ముడుచుకున్నాను. ఆవిడ మాత్రం "బుక్ చేసేసుకో నాన్నా. మీ అమ్మగారి నంబరు మాత్రం ఇచ్చి వెళ్లు, ఆ ఫ్లైట్‌లో మనవాళ్లెవరైనా ఉంటే చెప్తాను" అన్నారు. అతను వెళ్లాక "మన దగ్గర కొననివాళ్లకి కూడా ఎందుకండీ ఈ సేవ?" అని దెప్పాను. ఆవిడ కార్డు రాస్తూనే "వాళ్లబ్బాయి మన దగ్గర కొనలేదని ఆవిడకి భయం తగ్గిపోద్దేంటే?" అన్నారు.

నేను చేసిన పెద్ద తప్పు గురించీ చెప్పాలి. అనసూయమ్మగారు, రత్నమ్మగారు అని ఇద్దరు హైదరాబాదు నుంచి ఒకే విమానంలో వస్తున్నారు. ప్రయాణం చేసేవాళ్లకే ఫోన్ చేసి, ఇదివరకు వచ్చారో లేదో అడగాలన్నది ఆంటీ పద్ధతి. నేను బద్ధకించి ఇక్కడున్న పిల్లలకు మాత్రం చేశాను. "మీ అమ్మగారికి తోడున్నారు, ఆవిడ వెనకాలే నడిస్తే చాలు" అని రెండు ఇళ్లకూ అదే మాట చెప్పాను. పాపం, ఇద్దరికీ అదే మొదటి ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారాల్సిన చోట పక్కపక్కన కూర్చుని, ఆవిడ లేస్తే లేద్దామని ఈవిడ, ఈవిడ లేస్తే లేద్దామని ఆవిడ. తొందరపెడితే బాగుండదని ఇద్దరికీ మొహమాటం. ఈలోగా విమానం వెళ్లిపోయింది.

మర్నాడు వాళ్లు దిగేసరికి ఆంటీ పెరుగన్నం డబ్బాలతో విమానాశ్రయంలో ఉన్నారు. నేనూ వెనకే నిలబడ్డాను. రత్నమ్మగారి కొడుకు అందరి ముందూ "మీ మీద నమ్మకంతో కదా మా అమ్మని పంపించమన్నాం!" అని అరిచాడు. ఆంటీ తలెత్తి "తప్పు నాదే బాబూ" అన్నారు. నా వైపు చూడను కూడా లేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఏడుస్తూ "నేనే చేశానని చెప్పొచ్చు కదాంటీ" అన్నాను. "వాళ్లు నమ్మింది నన్నే. నువ్వెవరో వాళ్లకేం తెలుసు?" అన్నారు డ్రైవ్ చేస్తూ. సిగ్నల్ దగ్గర కారు ఆపి "ఇకమీదట పిల్లలకి కాదు, వచ్చేవాళ్లకి ఫోన్ చెయ్" అన్నారు. ఆ కొడుకు మళ్లీ మా గడప తొక్కలేదు. అనసూయమ్మగారి కుటుంబం మాత్రం ఆఫీసు మూసేదాకా మా దగ్గరే కొన్నది. రత్నమ్మగారి స్నేహం మీ పుణ్యమే అని అనసూయమ్మగారు నన్ను ఆటపట్టించేవారు.

ఆ తర్వాత ఎవరూ ఆంటీతో తగువు పడలేదు. రావడం మానేశారు, అంతే. టికెట్లు ఫోనులోనే దొరికే రోజులొచ్చాయి. పక్క షాపులో ఆవిడ ఎదురుపడితే పాతవాళ్లు పప్పుల వరుస వెనక్కి తప్పుకునేవారు. ఆవిడే వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి "అమ్మ కులాసాయేనా? మోకాలు ఎలా ఉంది?" అని పలకరించేవారు. అది నేను చూడలేకపోయేదాన్ని. అంత బాధపడ్డదాన్ని నేను చేసిందేమిటంటే, శాన్ రామన్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాను. కస్టమర్లు ఎందుకు వెళ్లిపోతారో గ్రాఫులు గీసి చూపించే ఉద్యోగం. మరి కొన్నాళ్లకు ఆంటీ ఆఫీసు మూసేసి, కార్డుల పెట్టెలు నాకిచ్చారు.

రెండు వేల పదమూడులో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. నేను మీటింగ్‌కు పరుగెత్తుతున్నాను.

"లలితా, పదిహేనో తారీఖు ఫ్లైట్‌లో మనవాళ్లెవరైనా వెళ్తున్నారేమో కనుక్కుంటావా?"

"ఎవరి కోసమాంటీ?"

"నాకేనమ్మా. విశాఖలో మా చెల్లెలి దగ్గరికి. ఒంట్లో ఏం బాగుండటం లేదు."

"వీల్‌చెయిర్ రిక్వెస్ట్ పెడితే వాళ్లే చూసుకుంటారాంటీ. నేను ఆన్‌లైన్‌లో పెట్టేస్తాగా."

"సరేనమ్మా. నీకు పనున్నట్టుంది" అని పెట్టేశారు.

రిక్వెస్ట్ పెట్టాను. ఆ సాయంత్రం తీరిక దొరికినా ఎవరికీ ఫోన్ చేయలేదు. నాలుగు నెలలకు ఆవిడ పోయారు. పలకరించడానికి ఫోన్ చేస్తే ఆవిడ చెల్లెలు అన్నారు: "దారంతా భయమేసిందే అంది అక్క. ఊళ్లో వాళ్లందరినీ విమానాలెక్కించినదానివి, నీకు భయమేంటే అని నవ్వాను." ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తూనే ఉంది.

ఆ రోజే పెట్టెలు దించి ఆంటీ పేరు మీద కార్డు కోసం వెతికాను. లేదు. అందరికీ రాసిన మనిషికి ఎవరూ రాయలేదు. ఖాళీ కార్డు ఒకటి తీసుకుని నేనే మొదలుపెట్టాను. పేరు రాశాను. కిటికీ సీటు ఇష్టమో, నడవా పక్కన ఇష్టమో నాకు తెలియదు. తొమ్మిదేళ్ల పరిచయంలో నేను అడగనే లేదు. 'దేనికి భయం?' దగ్గర 'ఒంటరి ప్రయాణం' అని రాశాను. 'తోడు ఎవరు?' దగ్గర ఖాళీగా వదిలేశాను. ఆ కార్డు నా పాస్‌పోర్టులోనే ఉంటుంది.

బోర్డింగ్ పిలుపు వినిపించింది. పక్కనున్న పెద్దావిడ బామ్ డబ్బా సంచీలో వేసుకుని, కాగితాల ఫైలు గుండెలకు హత్తుకుని అటూ ఇటూ చూస్తోంది.

"ఎన్నోసారండీ ప్రయాణం?" అని అడిగాను.

"వచ్చేటప్పుడు మా అమ్మాయి తీసుకొచ్చిందమ్మా. ఒక్కదాన్నే హైదరాబాదు వెళ్లడం ఇదే మొదలు."

"నేనూ హైదరాబాదేనండీ. చివరిదాకా మీతోనే ఉంటాను, పదండి."

ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం లైనులో నడిచాం. ఆ రోజు ఫోనులో "నేను కనుక్కుంటానాంటీ" అనడానికి ఇంతకంటే ఎక్కువసేపు పట్టేది కాదు.